బోకెర్ తోవ్‌కి జవాబు

లీలావతికి ఇంగ్లీషే అంతంతమాత్రం. అలాంటి మనిషి నలభైతొమ్మిదో ఏట, అమెరికాలోని అల్ఫారెట్టాలో, హీబ్రూ నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకుందంటే పండితురాలైపోయిందని కాదు. పద్నాలుగు పలకరింపులు, అంతే. కూతురు సంహిత ఇంటర్నెట్‌లోంచి ఒక కాగితం ప్రింట్ తీసి ఇచ్చింది. "ఇంగ్లీషు మాట్లాడేవారికి రోజువారీ హీబ్రూ పలకరింపులు" అని దాని నెత్తిన రాసి ఉంది. తెనాలివాళ్ళ కోసం విడిగా ఎవరూ రాసి పెట్టలేదు కాబట్టి ఆ పద్నాలుగింటినీ లీలావతే తెలుగు అక్షరాల్లోకి దించుకుంది. మొగుడు వీరాంజనేయులు పనిచేసే ఇండియన్ గ్రాసరీ వాళ్ళు పంచిన ఉగాది క్యాలెండర్ వెనక స్కెచ్ పెన్నుతో రాసి, తను పనిచేసే ఎస్తేర్ గారి వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

బోకెర్ తోవ్ అంటే శుభోదయం. దానికి జవాబుగా బోకెర్ ఓర్ అనాలి, వెలుగు నిండిన పొద్దు అని. ఎరెవ్ తోవ్ సాయంత్రానికి, లైలా తోవ్ పడుకునే ముందు. మా ష్లోమేఖ్ అంటే ఎలా ఉన్నావని; మాటకు మాట తీసుకుంటే 'నీ శాంతి ఎలా ఉంది' అని అడిగినట్టట. వెళ్ళేటప్పుడు లెహిత్రఓత్, అంటే మళ్ళీ చూసుకుందాం. ఈ ఆఖరిది లీలావతికి చూడగానే నచ్చింది.

"మనం మాత్రం వెళ్తానంటామా? వెళ్ళొస్తానంటాం. వీళ్ళూ అంతే, మర్యాద తెలిసినవాళ్ళు" అంది మొగుడితో.

"మర్యాద సరేనే, పద్నాలుగు ముక్కలతో రోజంతా ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ?"

"పెళ్ళయిన పాతికేళ్ళలో మీరు నాతో పద్నాలుగు ముక్కలు మాట్లాడారా?"

వీరాంజనేయులు టీవీ సౌండ్ పెంచుకున్నాడు.

అక్క వేసిన గ్రీన్‌కార్డు కాగితాలు పన్నెండేళ్ళకు కదిలితే 2007లో వచ్చిపడ్డ కుటుంబం వాళ్ళది. వచ్చిన రెండో ఏడు లీలావతికి ఎస్తేర్ గారింట్లో పని కుదిరింది. సోమవారం పొద్దున్న వెళ్ళి శుక్రవారం సాయంత్రం దాకా అక్కడే ఉండాలి. శని, ఆదివారాలకు వేరే మనిషి వస్తుంది. ఎస్తేర్ గారికి అప్పటికి ఎనభై మూడేళ్ళు. యూదుల ఇంట, హైఫాలో పుట్టి పెరిగి, ఇరవై నాలుగో ఏట ఒక అమెరికన్‌ని చేసుకుని ఇక్కడికి వచ్చేశారు. తెనాలి చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళల్లో ఎస్తేరులకు కొదవ లేదు కాబట్టి లీలావతికి ఆవిడ పేరు పరాయిగా అనిపించలేదు. మనిషి కూడా అనిపించలేదు. కూరలో ఉప్పు తక్కువైతే మొహం మీదే చెప్పే మనిషిని ఎవరు పరాయి అనుకుంటారు!

మొదటి రెండేళ్ళూ ఆవిడ ఇంగ్లీషు ఏ లోటూ లేకుండా మాట్లాడేవారు. హాల్లో ఫైర్‌ప్లేస్ పక్కన కాళ్ళు కోసేసిన చెక్క స్టూలు ఒకటి ఉండేది, పీటకంటే కాస్త ఎత్తు. వ్యాక్యూమ్ చేస్తూ ఒకరోజు లీలావతి దాన్ని గరాజ్‌లో పడేయబోతే ఆవిడ ఆపారు.

"అక్కడే ఉండనీ. మా ఆయన పోయినప్పుడు ఏడు రోజులు దాని మీదే కూర్చున్నాను" అన్నారు. "కాళ్ళకు బూట్లు లేవు, స్నానం లేదు, చింపుకున్న జాకెట్టు మార్చలేదు. వచ్చినవాళ్ళు తలుపు తట్టకుండా వచ్చి, పక్కన కూర్చుని, వెళ్ళారు. ఎవరూ షలోమ్ అనలేదు, ఏ పలకరింపూ లేదు. అనకూడదు. తెలియక ఎవరన్నా అన్నా నేను జవాబివ్వకూడదు. షలోమ్ అంటే శాంతి. అది పోయిన ఇంట్లో దాని పేరెత్తుతారా?"

"మావైపూ అంతే మేడమ్" అంది లీలావతి, తన ముక్కల ఇంగ్లీషులో. "చావింటికి ఎవరొచ్చినా రండి అనరు. వచ్చినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతారు. స్నానం దగ్గరే తేడా. మాకు కబురు వినగానే తల మీద నీళ్ళు పడాల్సిందే."

ఎస్తేర్ గారు నవ్వారు. "ఎప్పుడో మీ ముత్తవ్వ, మా ముత్తవ్వ ఇరుగుపొరుగు అయి ఉంటారు. నీళ్ళ దగ్గర పోట్లాడుకుని విడిపోయారు."

తర్వాత కొన్నాళ్ళకే పేర్లు పోవడం మొదలైంది. డాక్టరు మతిమరుపు జబ్బు అని తేల్చిన రోజున ఆవిడ కొడుకు డేనియల్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. డేనియల్ అమెరికాకు అవతలి ఒడ్డున, రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఒక్కడే కొడుకు. లీలావతి టీ కప్పులు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఒకరోజు నేను నీ పేరు కూడా మర్చిపోతాను. దానికి ఏడవకు. కానీ ఒక్క మాట. పొద్దున్నే ఎవరైనా బోకెర్ తోవ్ అంటే బోకెర్ ఓర్ అని నేను అనగలిగినన్నాళ్ళు నన్ను ఈ ఇంట్లోంచి కదపకు. అది కూడా అనలేని రోజున ఎక్కడ పెట్టినా నాకు తెలియదు."

డేనియల్ తల్లి చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. మతిమరుపు వాళ్ళుండే హోమ్‌లో పేరు రాయించి ఉంచాడు, కానీ మూడు నెలలకోసారి విమానం ఎక్కి వచ్చి, కరోల్ అనే నర్సును పిలిపించి, తల్లిని చూపించాడు. కరోల్ తన పరీక్షలన్నీ చేసుకున్నాక ఆఖర్న డేనియల్, తనూ బోకెర్ తోవ్ అనేవాళ్ళు. ఎస్తేర్ గారు బోకెర్ ఓర్ అనేవారు. కరోల్ కాగితం మీద ఒక టిక్కు పెట్టేది. ఇల్లు నిలిచేది.

ఈలోగా ఆవిడ ఇంగ్లీషు, పాత గోడకు సున్నం పెచ్చులు ఊడినట్టు ఊడిపోయింది. లోపల్నుంచి చిన్ననాటి హీబ్రూ బయటపడింది. డేనియల్‌కి ఆ భాషలో నాలుగు ముక్కలకు మించి రావు. ఆవిడ ఇరవై నాలుగ్గంటలూ ఏదో అడగడం, ఎవరికీ అర్థం కాక తలలూపడం, ఆవిడ గోడవైపు తిరిగి పడుకోవడం. అదిగో, అప్పుడే సంహిత కాగితం వచ్చింది. మొదటిసారి లీలావతి మంచం పక్కన నిలబడి, చేతిలో చీటీ చూసుకుంటూ, బోకెర్ తోవ్ అని పలికితే, ఎస్తేర్ గారు తల తిప్పి, కళ్ళు విప్పార్చి చూశారు. "బోకెర్ ఓర్!" అన్నారు. ఆ పూట ఆవిడ రెండు గుడ్లు తిన్నారు. లీలావతి బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చింది.

అలా రెండు పరీక్షలు గట్టెక్కాయి. మూడోది 2011 జూలైలో ఒక బుధవారం, పది గంటలకని ఖాయం చేశారు. ఆ సోమవారం డేనియల్ ఫోన్ చేశాడు.

"లీలా, హైఫాలో నయోమి ఆంటీ చనిపోయింది. నిన్న బరియల్ కూడా అయిపోయింది."

నయోమి ఎస్తేర్ గారి చెల్లెలు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. అక్కచెల్లెళ్ళు ఒకరికొకరు నాలుగు పలకరింపులు చెప్పుకుని, మాటలు అయిపోయాక కూడా ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చునేవాళ్ళు.

"అమ్మకి చెప్పొద్దు" అన్నాడు డేనియల్. "చెప్తే ఏడుస్తుంది. గంటకి మర్చిపోతుంది. మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ చెప్పాలి, మళ్ళీ ఏడుస్తుంది. రోజుకి పదిసార్లు చెల్లెల్ని చంపడమే అది. వీకెండ్ వచ్చే ఆవిడకీ ఇదే చెప్పాను. ఎవరు చెప్పినా వాళ్ళకి ఈ ఇంట్లో అదే లాస్ట్ డే. సారీ, బట్ ఐ మీన్ ఇట్."

"ఓకే సర్" అంది లీలావతి.

డేనియల్ మాటలో తప్పు పట్టడానికి లేదు, అదే వచ్చిన చిక్కు. బుర్ర ఒప్పుకుంది కానీ లీలావతి కడుపు ఒప్పుకోలేదు. సంహిత పుట్టినప్పుడు ఆమె తెనాలిలో పురిటి మంచం మీద ఉంది. పక్క వీధిలో ఆమె తల్లి గుండె ఆగి పోయింది. బాలింతకు చెప్పకూడదన్నారు. పదకొండు రోజులు చెప్పలేదు. అమ్మ ఏదని అడిగితే కాస్త జ్వరంగా ఉంది, పసిపిల్ల దగ్గరికి రాకూడదన్నారు. ఆ పదకొండు రోజులూ లీలావతి తల్లో పూలు పెట్టుకుంది. బాలింతలకు పెట్టే కాయం తింది. పిల్లకి అమ్మ ముక్కే వచ్చిందని అందరికీ చూపించి నవ్వింది. తర్వాత తెలిసింది. దాచినవాళ్ళందరూ మంచికే దాచారు. ఆమె వాళ్ళలో ఒక్కరినీ ఈ నాటికీ క్షమించలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఎస్తేర్ గారు కుర్చీలో కూర్చుని పీచ్ పండు ముక్కలు తింటూ ఏదో కూనిరాగం తీస్తున్నారు. లీలావతికి ఆ రాగం చెవిలో ముల్లులా దిగింది. సొంత చెల్లెలు పోయి మూడో రోజు, ఈవిడ పండు తింటూ పాడుతోంది. నాలాగే, అనుకుంది.

నోటితో చెప్పొద్దన్నారు. చెప్పను. ఆ మహాతల్లికి ఇన్ని పూలు పెట్టి దీపం వెలిగించొద్దని ఎవరూ అనలేదు కదా. ఇలా తనకు తనే లాయరు పెట్టుకుని, తనే జడ్జీ అయి, తీర్పిచ్చేసుకుంది లీలావతి. ఫైర్‌ప్లేస్ పైన అక్కచెల్లెళ్ళ ఫొటో ఉంది, సముద్రం ఒడ్డున, ఒకే రకం గౌన్లలో. దాన్ని తుడిచింది. పెరట్లోంచి తెల్ల గులాబీలు కోసుకొచ్చి నయోమి వైపు పెట్టింది. గాజు గ్లాసులో కొవ్వొత్తి వెలిగించి ముందు ఉంచింది. అది వాళ్ళ పద్ధతి కూడానని ఆమెకు తెలియదు. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

వాకర్ చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి ఎస్తేర్ గారు పక్కనే ఉన్నారు. దీపాన్ని చూశారు, ఫొటోను చూశారు.

"నయోమి?"

ఫ్రిజ్ మీది పద్నాలుగు మాటల్లో చావుకు మాట లేదు. ఉన్నా లీలావతి చెప్పేది కాదు. కానీ ఆవిడ అలా చూస్తూ ఉంటే అబద్ధం కూడా రాలేదు. తలూపింది. ఊపిన తర్వాత గానీ ఊపానని తెలియలేదు.

ఎస్తేర్ గారు ఏడవలేదు. జాకెట్టు మెడ దగ్గర పట్టుకుని లాగారు. గుండీ తెగి దూరంగా పడింది. ఇంకా లాగారు. కుడివైపు జానెడు మేర పర్రుమని చిరిగింది. నోట్లో ఏదో గొణుక్కున్నారు. తర్వాత చెప్పులు విడిచి, వాకర్ వదిలి, గోడ పట్టుకుని నడిచి, ఆ పొట్టి స్టూలు మీద కూర్చున్నారు. అప్పుడు ఏడ్చారు. లీలావతి కింద కూర్చుని ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి తనూ ఏడ్చింది. పదహారేళ్ళ కిందటి ఏడుపు కూడా అందులో కొంత ఉంది. మంచిపనే చేశాననుకుంది.

స్నానం చేయించబోతే ఆవిడ ఒప్పుకోలేదు. ముత్తవ్వల తగువు గుర్తొచ్చి లీలావతి ఊరుకుంది. నిన్న తిన్నది ఇవాళ గుర్తుండని మనిషి, తెల్లారేసరికి ఇదీ మర్చిపోతుంది, రేపటి పరీక్షకు ఏం ఫరవాలేదనుకుంది. అదే ఆమె చేసిన తప్పు. మతి పోయినవాళ్ళకు అన్నీ ఒకే వరసలో పోతాయని ఎవరు చెప్పారు ఆమెకి?

బుధవారం పొద్దున్న లీలావతి లేచి వచ్చేసరికి మంచం ఖాళీ. ఎస్తేర్ గారు స్టూలు మీద ఉన్నారు. అదే చిరిగిన జాకెట్టు, ఉత్త కాళ్ళు, చింపిరి జుట్టు.

"బోకెర్ తోవ్, మేడమ్."

ఆవిడ తలెత్తి చూశారు. జవాబు లేదు.

జాకెట్టు మార్చబోతే చేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నారు. దువ్వెన తెస్తే తల పక్కకు తిప్పారు. ఉడకబెట్టిన గుడ్డు మాత్రం చేతిలో పెడితే తిన్నారు. టైము తొమ్మిదిన్నర. వాకిట్లో డేనియల్ అద్దె కారు ఆగిన చప్పుడైంది. లీలావతి పరుగున పోయి కొవ్వొత్తి గ్లాసు, వాడిన గులాబీలు తీసి వంటింటి సొరుగులో, గరిటెల వెనక దాచేసింది.

డేనియల్ రాత్రంతా ప్రయాణం చేసి ఎర్రబడ్డ కళ్ళతో వచ్చాడు. వెనకాలే కరోల్. హాల్లో అడుగు పెట్టి ఇద్దరూ ఆగిపోయారు.

"బోకెర్ తోవ్, ఈమా" అన్నాడు డేనియల్. ఈమా అంటే అమ్మా అని.

ఆవిడ కొడుకును చూశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు విప్పలేదు.

"బోకెర్ తోవ్, ఎస్తేర్!" అంది కరోల్, చిన్నపిల్లలతో మాట్లాడేటప్పటి గొంతుతో.

ఆవిడ తల వంచుకున్నారు.

డేనియల్ ఆ పొట్టి స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ అన్నాడు. నాలుగోసారి అంటూ ఏడ్చేశాడు. ఆవిడ చెయ్యి చాచి అతని చెంప నిమిరారు. జవాబు మాత్రం ఇవ్వలేదు.

సరిగ్గా అప్పుడు లీలావతికి స్టూలు దగ్గర ఆవిడ ఎప్పుడో అన్న మాట తట్టింది. తెలియక ఎవరన్నా అన్నా నేను జవాబివ్వకూడదు. స్టూలు, ఉత్త కాళ్ళు, చింపుకున్న జాకెట్టు, నీళ్ళు తగలని ఒళ్ళు. ఆవిడ ఏదీ మర్చిపోలేదు. చెల్లెలు పోయిందని నిన్నటి నుంచి గుర్తు పెట్టుకున్నారు. ఎలా కూర్చోవాలో, ఏం మార్చకూడదో, ఎవరికి పలకకూడదో అన్నీ గుర్తు పెట్టుకున్నారు. కొడుకు ఏడుస్తుంటే కూడా ఆ నియమం తప్పకుండా కూర్చున్నారు. ఈ గదిలో బుర్ర సరిగా పనిచేస్తున్న మనిషి ఆవిడొక్కరే.

కరోల్ రాసుకుంటోంది. బట్టలు చించుకుంటున్నారు. చెప్పులు వేసుకోవడం లేదు. స్నానానికి ఒప్పుకోవడం లేదు. కుర్చీలో కూర్చోవడం లేదు. పలకరింపుకు ఏ భాషలోనూ స్పందన లేదు.

"ఇంత సడన్‌గా దిగజారితే ఏదో కారణం ఉండొచ్చు" అంది కరోల్ పెన్ను ఆపి. "ఫీవర్, ఫాల్, ఏదైనా షాక్ లాంటిది."

డేనియల్ లీలావతి వైపు తిరిగాడు. "లీలా, నిన్న ఏమైనా జరిగిందా?"

ఒక్క వాక్యం చాలు. నేనే చెప్పాను సర్, ఆవిడ చెల్లెలి కోసం కూర్చున్నారు, ఏడు రోజులు ఆగండి. ఇంగ్లీషులో అయినా ఆపాటి చెప్పగలదు. చెప్తే ఎస్తేర్ గారికి ఇల్లుంటుంది, లీలావతికి ఉండదు. ఈ ఇల్లు, ఈ వంటగది, పొద్దున్నే మనిషిని చూడగానే వెలిగే ఆ మొహం వేరే ఎవరికో పోతాయి. వీరాంజనేయులు 'నీకెందుకే ఊళ్ళో పెత్తనాలు' అంటాడు. చెప్పకపోతే కరోల్ ఇంకో ఛాన్స్ ఇస్తుందేమో, రేపు మళ్ళీ రమ్మంటారేమో. ఇవన్నీ గుండె రెండుసార్లు కొట్టుకునేలోపు అనుకుంది.

"నో సర్. నథింగ్."

ఎస్తేర్ గారు ఆ మాటకు తలెత్తారు. ఆవిడకు ఇంగ్లీషు పోయింది కదా, అర్థమై ఉండదు. లీలావతి మాత్రం ఆవిడ కళ్ళల్లోకి చూడలేక వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది.

ఇంకో ఛాన్స్ ఎవరూ ఇవ్వలేదు. హోమ్‌లో ఒక గది ఖాళీగా ఉందని మధ్యాహ్నానికి ఫోనొచ్చింది. డేనియల్ అరగంట పెరట్లో ఒక్కడే నిలబడి, లోపలికొచ్చి సంతకాలు పెట్టాడు. "అమ్మ పెట్టిన షరతే ఇది. అమ్మ పెట్టిందే" అని లీలావతికి రెండుసార్లు చెప్పాడు. ఆమె అడగకుండానే చెప్పాడు.

శుక్రవారం పొద్దున్న తీసుకెళ్ళారు. స్టూలు తీసుకెళ్ళనివ్వలేదు, కాలికి అడ్డం పడుతుందని. లీలావతిని నెలాఖరు దాకా ఉండి ఇల్లు సర్దమన్నాడు డేనియల్. ఆ సాయంత్రమే ఇంటి ముందు అమ్మకానికని బోర్డు దిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. కాకపోతే మందేసింది ఒకరు, నాలుక పోయింది ఇంకొకరికి.

ఆదివారం సాయంత్రం వారాంతపు మనిషి ఫోన్ చేసింది, హోమ్‌కి చూడ్డానికి వెళ్ళొచ్చానని. ఆవిడ అక్కడ కూడా నేల మీదే కూర్చుంటున్నారట. వాళ్ళు ఎత్తి కుర్చీలో పెట్టడం, ఆవిడ దిగిపోవడం. "విచిత్రం ఏంటంటే, ఫ్రైడే సాయంత్రం తనంతట తనే బూట్లేసుకుని కుర్చీలో కూర్చుందట. శనివారం చీకటి పడగానే మళ్ళీ బూట్లు విప్పేసి కిందికి దిగిందట. పాపం, ఏం తెలియడం లేదు."

లీలావతి ఫోన్ పెట్టేసింది. శుక్రవారం పొద్దు గుంకగానే వాళ్ళకు పండగ దినం మొదలు. ఆ ఒక్కరోజూ బాహాటంగా దుఃఖపడకూడదని ఎప్పుడో ఆవిడే చెప్పారు. తెలియని ఊళ్ళో, తెలియని గదిలో, గడియారం కూడా చదవలేని మనిషి లెక్క తప్పకుండా రోజులు పాటిస్తోంది. లీలావతి వేళ్ళు మడిచింది. మంగళవారం నుంచి ఒకటి, రెండు, మూడు. సోమవారం పొద్దున్నకి ఏడు.

సోమవారం వీరాంజనేయులు షాపుకు పోతూ ఆమెను హోమ్ దగ్గర దింపాడు. అరగంటలో వస్తాను, పక్కనే పెట్రోల్ కొట్టించుకోవాలన్నాడు. లోపల పెద్ద హాలు. అరడజను మంది ముసలివాళ్ళు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ళ చివర కిటికీ పక్కన కుర్చీలో ఎస్తేర్ గారు. కాళ్ళకు బూట్లు. తల తనే దువ్వుకున్నట్టుంది, పాపిడి వంకరగా ఉంది. శుభ్రమైన జాకెట్టు. దారిన పోయే ప్రతి ఒక్కరినీ పలకరిస్తున్నారు.

"బోకెర్ తోవ్!" అన్నారు మందుల బండి తోసుకొచ్చిన అమ్మాయితో.

"హాయ్ స్వీటీ" అని ఆ అమ్మాయి ముందుకు పోయింది.

"బోకెర్ తోవ్!" అన్నారు నేల తుడిచే అతనితో. అతను చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. "బోకెర్ తోవ్!" అన్నారు పక్క కుర్చీలో నిద్రపోతున్న ముసలాయనతో.

"పొద్దున్నుంచీ ఇదే శబ్దం" అంది డెస్క్ దగ్గరి ఆవిడ, నవ్వుతూ. "ఏంటో మాకైతే తెలియదు."

లీలావతి వెనక్కి తిరిగి నడవలోకి వచ్చేసింది. గోడకు ఆనుకుని డేనియల్‌కి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా తెల్లవారు జామే. చెప్పింది. దీపం సంగతి, తలూపిన సంగతి, ఏడు రోజుల సంగతి, గరిటెల వెనక దాచిన గ్లాసు సంగతి. ఇంగ్లీషు తడబడింది, అయినా చెప్పింది. ఇప్పుడు అందరినీ పలకరిస్తున్నారు సర్, వచ్చి చూడండి సర్ అంది.



"నేను నిన్ను అడిగాను" అన్నాడు డేనియల్. "లీలా, ఐ ఆస్క్‌డ్ యూ."

"సర్..."

"నిన్న సాయంత్రం ఇల్లు అమ్మేశాను. సైన్ చేశాను. నేను వచ్చి అమ్మని ఎక్కడికి తీసుకెళ్ళాలి? నువ్వింక ఆ ఇంటికి వెళ్ళొద్దు. అమ్మ దగ్గరికీ రావొద్దు. ఇవాళే లాస్ట్." ఫోన్ కట్ అయింది.

లీలావతి కొంగుతో మొహం తుడుచుకుంది. డేనియల్ మీద కోపం రాలేదు, వస్తే బాగుండేది. హాల్లోకి నడిచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎస్తేర్ గారు చూశారు. వారం రోజులుగా ఎక్కడో దాచి ఉంచిన మొహం ఇప్పుడు తీసి పెట్టుకున్నట్టు వెలిగిపోయారు.

"బోకెర్ తోవ్!"

"బోకెర్ ఓర్" అంది లీలావతి. ఆ పొద్దున ఆవిడకు అందిన మొదటి జవాబు అదే.

ఎస్తేర్ గారు సంతోషంగా ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. "మా ష్లోమేఖ్?" అని అడిగారు.

దానికి జవాబు కూడా ఫ్రిజ్ మీద రాసి పెట్టుకుంది. తోవ్, తోదా. బాగున్నాను, థాంక్స్. రెండే ముక్కలు. నెలల తరబడి ఆలోచించకుండా అన్న ముక్కలు. లీలావతి నోరు తెరిచింది. రాలేదు. ఇంకోసారి తెరిచింది. చెప్పులు కాళ్ళ నుంచి జారిపోయి, కుర్చీ పక్కన కార్పెట్ మీద కూలబడింది.

ఎస్తేర్ గారు జవాబు కోసం ఎదురుచూశారు. నేల మీద కూర్చున్న మనిషిని చూశారు. ఉత్త కాళ్ళను చూశారు. పలకని నోటిని చూశారు. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. ఇంక ఏమీ అడగలేదు. చెయ్యి చాచి లీలావతి తల మీద పెట్టారు.

మందుల బండి అమ్మాయి తిరిగి వస్తూ "హలో లేడీస్!" అంది. పొద్దున్నుంచీ మనిషి కనపడితే చాలు పలకరించిన ఎస్తేర్ గారు, రెండో చెయ్యి ఎత్తి, మాట్లాడొద్దన్నట్టు అరచెయ్యి చూపించారు.

బయట వీరాంజనేయులు హారన్ కొట్టేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. లీలావతి లేచి, వెళ్ళొస్తానని చెప్పకుండా గుమ్మం దాటింది. ఎస్తేర్ గారు కూడా లెహిత్రఓత్ అనలేదు.